పొదుపు: కూడబెట్టే దారులు, తీసే వేళలు

ఆదాయంలో అప్పటి ఖర్చులు పోగా మిగిల్చి, ముందు ముందు వచ్చే అవసరానికి దాచే సొమ్మును పొదుపు అంటారు. అర్థశాస్త్రానికి ఈ నిర్వచనం చాలు. ఇల్లు నడిపేవారికి మాత్రం ఇంకో రెండు ప్రశ్నలు మిగులుతాయి. దాచినదాన్ని ఎప్పుడు తీయాలి? తీయమని చెప్పే మాట ఎవరిది? తెలుగు కుటుంబాలు తరతరాలుగా వాడుతున్న పొదుపు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రతిదీ ఈ రెండు ప్రశ్నలకు తనదైన జవాబు ముందే రాసిపెట్టుకున్నట్టు కనిపిస్తుంది. వడ్డీ రేట్లలోని తేడాకన్నా ఈ తేడాయే పెద్దది. ఏటా ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో రాశుల వారీగా ఆదాయ వ్యయాలు చదువుతారు. ఆ పట్టికలో మిగులుకు గడి ఉండదు. అది ఇంటివాళ్లే చూసుకోవాలి.

గాదెలు, డిబ్బీలు, ముడుపులు

నగదు చెలామణి తక్కువగా ఉన్న రోజుల్లో రైతు ఇంటి పొదుపు గింజల రూపంలో ఉండేది. వడ్లు గాదెల్లో, గరిసెల్లో పోసేవారు. మెట్ట ప్రాంతాల్లో జొన్నలకు నేలలో పాతర తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, గింజ నింపి పైన మట్టితో మూసేవారు. గాదెలోంచి రోజూ కుంచెడు కొలుచుకోవచ్చు. పాతర అలా కాదు, ఒకసారి తెరిస్తే గాలీ చెమ్మా తగిలి గింజ పాడవుతుంది కనుక తీస్తే మొత్తం తీయాల్సిందే. అందుకని ఇంట్లో గింజ నిండుకునేదాకా ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు. ఎప్పుడు తీయాలన్న నిర్ణయాన్ని మనిషి నిగ్రహానికి వదలకుండా కట్టడమే అలా కట్టారు.

పిల్లల మట్టి డిబ్బీ, తెలంగాణలో గల్లగురిగి, ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. పగలగొట్టనిదే పైసా బయటకు రాదు. వంటింటి పోపుల డబ్బా దీనికి పూర్తిగా ఎదురు. మూత తీస్తే చాలు, డబ్బు చేతికొస్తుంది. కానీ అది అక్కడుందని ఇంట్లో ఒక్కరికే తెలుసు, దాని రక్షణంతా ఆ రహస్యంలోనే ఉంది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు ఆ రహస్యం చాలా ఇళ్లలో ఒక్కసారిగా బయటపడింది. గృహిణులు 2.5 లక్షల రూపాయల లోపు జమ చేసుకుంటే ఆరా తీయబోమని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చిందంటే, ఇలా దాచుకునేవారు ఎంతమంది ఉంటారో ఢిల్లీకీ తెలుసన్నమాట. ఆ సొమ్మంతా బ్యాంకుకు చేరింది గాని, అది తన సొంతం అన్న ధీమా చాలామంది ఆడవాళ్లకు తిరిగి రాలేదు.

ముడుపు వీటన్నిటికన్నా గట్టిది. జబ్బో కష్టమో వచ్చినప్పుడు మొక్కుకుని, పసుపు గుడ్డలో నాణేలు కట్టి దేవుడి దగ్గర పెడతారు. తిరుపతి ప్రయాణం కుదిరేదాకా అది అక్కడే ఉంటుంది. బియ్యానికి పక్కింట్లో చేబదులు తెచ్చుకుంటారు గాని ముడుపు విప్పరు. ఒకే మనిషి ఒకే రూపాయిని పేరు పెట్టి వేర్వేరు ఖాతాలుగా చూస్తాడని, ఒక ఖాతా డబ్బు మరో ఖాతాకు కదపడానికి ఇష్టపడడని వివరించిన అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ముడుపు కట్టే ఇంటికి ఈ సిద్ధాంతం కొత్త కాదు.

రుసుము ఇచ్చి మరీ దాచుకోవడం

పేదవాళ్లు పొదుపు చేయలేరన్న అభిప్రాయాన్ని కదిలించిన ఉదాహరణల్లో ఒకటి విజయవాడది. స్టువర్ట్ రూథర్‌ఫర్డ్ 2000లో ప్రచురించిన ‘ది పూర్ అండ్ దెయిర్ మనీ’ అనే పుస్తకంలో, నగరంలోని మురికివాడల్లో ఇంటింటికీ తిరిగి పొదుపు వసూలు చేసే ఒక మహిళ గురించి రాశాడు. ఆమె ఖాతాదారులకు 220 గడులున్న కార్డు ఇచ్చేది. రోజుకు 5 రూపాయల చొప్పున గడులన్నీ నిండితే 1,100 రూపాయలవుతాయి. అందులో 100 తన రుసుముగా ఉంచుకుని 1,000 తిరిగి ఇచ్చేది.

లెక్క వేస్తే సగటున 550 రూపాయలు ఆమె దగ్గర ఉన్నట్టు, దానిమీద 220 రోజులకు 100 రూపాయలు దాచుకున్నవారే ఎదురు ఇచ్చుకున్నట్టు. ఏడాదికి చూస్తే దాదాపు 30 శాతం. బ్యాంకు వడ్డీ ఇస్తుంటే వీళ్లు వడ్డీ కట్టి దాచుకోవడం పైకి తెలివితక్కువగా కనిపిస్తుంది. కానీ రోజుకు 5 రూపాయలు తీసుకోవడానికి ఏ బ్యాంకు గుమాస్తా గుమ్మం దాకా వస్తాడు? ఇంట్లో ఉంచితే మొగుడి తాగుడికో, చుట్టం చేబదులుకో, పిల్లవాడి మారాముకో పోతుంది. బడి ఖర్చుల వేళకు వెయ్యి రూపాయలు ముద్దగా చేతికి రావడమే ఆ తల్లులకు కావలసింది, అందుకు వంద ఇవ్వడం వాళ్లకు నష్టంగా తోచలేదు. చిన్న మొత్తాలను పెద్ద మొత్తంగా మార్చడమే పేదల ఆర్థిక జీవితంలో ప్రధానమైన పని అని రూథర్‌ఫర్డ్ వాదం. వడ్డీ ఆ తర్వాతి మాట.

నగల దుకాణాల నెలవారీ పథకాలు, పండగ చీటీలు కూడా ఈ కోవలోవే. పండగ చీటీలో నెలనెలా కట్టిన డబ్బు పండగ ముందు సరుకులుగా, గిన్నెలుగా తిరిగి వస్తుంది. నగల పథకాలు ఎక్కువగా 11 వాయిదాలకే ఆగిపోవడం వెనుక చట్టం ఉంది. 2014 నాటి కంపెనీల డిపాజిట్ నిబంధనల ప్రకారం సరుకు కోసం తీసుకున్న బయానా 365 రోజుల్లోగా సరుకుగా మారకపోతే డిపాజిట్ కిందికి వస్తుంది.

చీటీ

తెలుగునాట మధ్యతరగతి పొదుపు చరిత్రలో చీటీకి ఉన్నంత చోటు మరి దేనికీ లేదు. ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, గృహిణులు అందరూ వేస్తారు. పొదుపు, అప్పు రెండూ ఒకే సాధనంలో ఉండటం దీని ప్రత్యేకత. తీసే వేళను పాతరలా కట్టడమూ, ముడుపులా మొక్కూ కాకుండా, ఇక్కడ వేలం నిర్ణయిస్తుంది.

20 మంది నెలకు 5,000 చొప్పున 20 నెలలు వేసే లక్ష రూపాయల చీటీ తీసుకుందాం. ప్రతి నెలా పాట జరుగుతుంది. ఆ నెల డబ్బు అత్యవసరమైన సభ్యుడు 25,000 వదులుకోవడానికి సిద్ధపడి పాడుకుంటే అతని చేతికి 75,000 వస్తాయి. వదులుకున్న 25,000లో చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 5,000 పోగా మిగిలిన 20,000 అందరికీ తలా వెయ్యి పంచుతారు. అంటే ఆ నెల ప్రతివారూ కట్టేది 4,000. ముందు పాడుకున్నవాడికి అది అప్పు, ఆఖరుదాకా ఆగినవాడికి పొదుపు. చివరి నెలలో పోటీ ఉండదు, కమిషన్ మాత్రమే పోయి 95,000 వస్తాయి. అప్పటిదాకా అతను కట్టింది తగ్గిన వాయిదాలే కనుక అదే లాభం.

చీటీలో మనిషి స్వభావం బయటపడుతుంది. పాట రోజున గదిలో కూర్చున్నవారికి ఎవరి ఇంట్లో పెళ్లి కుదిరిందో, ఎవరి వ్యాపారం బిగుసుకుందో వదులుకునే మొత్తం చూస్తేనే తెలిసిపోతుంది. అవసరం లేకపోయినా తక్కువకు పోతోంది కదా అని పాడుకుని, ఆ డబ్బు బయట వడ్డీకి తిప్పేవారూ ఉంటారు. అలా తిప్పిన సొమ్ము తిరిగి రాకపోతే, పాడుకున్న చీటీకి మిగతా నెలలు వాయిదాలు కట్టాల్సిన బాధ్యత మిగిలిపోతుంది. చీటీలో చెడిపోయినవారిలో చాలామంది ఇలా చెడినవారే.

రిజిస్టరైన చీటీలకు కేంద్రం 1982లో చేసిన చిట్ ఫండ్స్ చట్టం వర్తిస్తుంది. ఫోర్‌మన్ కమిషన్ పరిమితి అందులో 5 శాతం. 2019 సవరణతో అది 7 శాతం అయింది. మొదటి చీటీ తగ్గింపు లేకుండా తీసుకునే హక్కు ఫోర్‌మన్‌కు ఉంది. పాడుకున్న సభ్యుడు జామీను చూపాలి, ఇక్కడే ప్రభుత్వోద్యోగి సంతకానికి ఊళ్లో గిరాకీ పెరిగింది. రామోజీరావు 1962లో మార్గదర్శిని స్థాపించాక చీటీ వ్యాపారం తెలుగునాట కంపెనీ రూపంలో విస్తరించింది. అయినా రిజిస్టరు కాని చీటీలు వీధివీధినా ఉన్నాయి. వాటికి జామీను నమ్మకమే. ఆ నమ్మకం కూలినప్పుడు వినపడే మాట ‘ఐపీ పెట్టాడు’. ఐపీ అంటే దివాలా (ఇన్‌సాల్వెన్సీ) పిటిషన్, 1920 నాటి చట్టం చూపిన దారి అది. డిపాజిటర్ల రక్షణకు ఉమ్మడి రాష్ట్రం 1999లో ప్రత్యేక చట్టం తెచ్చింది. 2014, 2015లలో అగ్రిగోల్డ్ సంస్థ డిపాజిట్ల వ్యవహారం బయటపడి లక్షలాది మంది చిన్న డిపాజిటర్లు రోడ్డున పడ్డప్పుడు ఆ చట్టం అక్కరకొచ్చినా, డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది.

సంఘం పుస్తకం

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో జరిగిన అక్షరాస్యతా ఉద్యమం దూబగుంట ఆడవాళ్లను సారా దుకాణాల మీదికి నడిపింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక్క రూపాయి దాచుకుందామన్న పిలుపుతో అదే జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. అప్పటికే ఉన్న డ్వాక్రా కార్యక్రమంతో, నాబార్డు 1992లో మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీతో ఇవి కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా పాకాయి. ఇవాళ పల్లెల్లో ‘సంఘం’ అంటే ఈ మహిళా సంఘమే.

సంఘంలో దాచిన డబ్బును ఒక్కరు తీయలేరు. పది, పదిహేను మంది కూర్చుని తీర్మానం రాస్తేనే ఎవరికైనా అంతర్గత అప్పు వస్తుంది. ఎందుకు కావాలో అందరి ముందూ చెప్పాలి, ఎప్పుడు తీరుస్తుందో పుస్తకంలో రాయాలి. ఆసుపత్రికి అంటే ఎవరూ కాదనరు. టీవీకి అంటే ముఖాలు చూసుకుంటారు. ఈ ముఖాలు చూసుకోవడమే ఆ పద్ధతికి ప్రాణం. బ్యాంకు రుణాలు పెరిగేకొద్దీ చాలా సంఘాలు పొదుపు సంఘాల నుంచి రుణ సంఘాలుగా మారాయన్న విమర్శ ఉంది, అందులో నిజం ఉంది. 2000 తర్వాత పల్లెల్లోకి వచ్చిన సూక్ష్మరుణ సంస్థలు ఇవే గుంపులకు వారం వారం వసూలు పద్ధతిన అప్పులు గుప్పించాయి. వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేసింది.

సంఘాలకన్నా ముందే సహకార పద్ధతిలో పొదుపును నిలబెట్టిన ఊరు ముల్కనూరు. 1956లో అక్కడ మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, ఆ చుట్టుపక్కల పుట్టిన పొదుపు సహకార సంఘాలు ఇప్పటికీ అధ్యయనాలకు నమూనాలే.

తపాలా, బ్యాంకు, ప్రావిడెంట్ ఫండ్

తపాలా పొదుపు బ్యాంకు దేశమంతటా 1882లో మొదలైంది. బ్యాంకు లేని ఊళ్లో కూడా పోస్టుమాస్టరు ఉండటం దాని బలం. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పాడు, నిజాం ప్రభుత్వం 1940ల మొదట్లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించింది. రెండూ ఇప్పుడు వేరే పేర్లలో కలిసిపోయాయి, మొదటిది 2020లో యూనియన్ బ్యాంకులో, రెండోది 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో. బ్యాంకు మునిగితే డిపాజిటర్‌కు బీమా కింద దక్కే పరిమితి 1993 నుంచి లక్ష రూపాయలు. అది 2020 ఫిబ్రవరిలో 5 లక్షలైంది. 2001 ప్రాంతంలో హైదరాబాదులో సహకార పట్టణ బ్యాంకులు కూలినప్పుడు పెద్ద మొత్తాలు దాచుకున్నవారికి ఆ లక్షే దిక్కయింది.

ప్రభుత్వ పథకాల్లో ప్రతిదానికీ తీసే గడువు వేరు. 1968లో వచ్చిన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ 15 ఏళ్లది, ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకోవచ్చు, అప్పులవాళ్లు కోర్టుకెక్కినా ఆ సొమ్మును జప్తు చేయలేరు. 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే తెరవాలి. అమ్మాయికి 18 నిండాక పైచదువుకు సగం తీయవచ్చు, పెళ్లికి మూసేయవచ్చు, లేకుంటే ఖాతా తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లు ఆగాలి. కిసాన్ వికాస పత్రం 1988లో వచ్చినప్పుడు ఐదున్నరేళ్లకు రెట్టింపయ్యేది. 2025లో ఉన్న 7.5 శాతం రేటుకు 115 నెలలు పడుతుంది. ఐదున్నరేళ్ల లెక్క అలవాటైన తరం ఇవాళ్టి రేట్లు చూసి పెదవి విరుస్తుంది గాని, ఆనాటి ధరల పెరుగుదలను ఆ లెక్కలో కలపదు. కొత్త ఆదాయపు పన్ను విధానంలో 80సీ మినహాయింపు లేకపోవడంతో మార్చి నెలలో హడావుడిగా పత్రాలు కొనే అలవాటు ఉద్యోగుల్లో తగ్గుతోంది. పన్ను కోసం చేసిన పొదుపు ఎంత, అవసరం కోసం చేసింది ఎంత అనేది ఇప్పుడిప్పుడే తేలుతోంది.

బంగారం

ఆంధ్రలో కాసుల్లో, తెలంగాణలో తులాల్లో లెక్కపెట్టే బంగారం అలంకారం పేరుతో చేసే పొదుపు. కొనేటప్పుడు మజూరీ, అమ్మేటప్పుడు తరుగు రెండువైపులా కోసుకుపోతాయి. అయినా ఆడవాళ్ల పేరున నిలిచే ఆస్తి చాలా ఇళ్లలో ఇదొక్కటే. బంగారాన్ని అమ్మడం పరువు తక్కువ, కుదువ పెట్టడం ఫరవాలేదు. పొలం పెట్టుబడికి జూన్‌లో బ్యాంకుకు వెళ్లిన గాజులు పంట అమ్మాక ఇంటికొస్తాయి. కేంద్రం 2015లో తెచ్చి, 2024 తర్వాత కొత్తగా జారీ చేయని బంగారు బాండ్లలో మజూరీ లేదు, తరుగు లేదు, పైగా వడ్డీ ఉంది. కానీ వాటిని పెళ్లిలో మెడలో వేసుకోవడం కుదరదు.

అప్పు ఉండగా పొదుపు

జాతీయ నమూనా సర్వే 2019 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశ సగటు 50.2. అందుకే తెలుగునాట పొదుపు గురించి రాసేటప్పుడు అప్పును పక్కన పెట్టడం కుదరదు.

ఊళ్లో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం, రూపాయి వడ్డీ అంటే 12, రెండు రూపాయలంటే 24. కొన్ని అప్పులు మూడు, నాలుగు రూపాయల దాకా పోతాయి. రెండు రూపాయల వడ్డీకి లక్ష అప్పు ఉన్నవాడు 7.1 శాతం వచ్చే చోట లక్ష దాచుకుంటే ఏడాదికి దాదాపు 17,000 నష్టపోతున్నట్టు. అతనికి అప్పు తీర్చడాన్ని మించిన పొదుపు పథకం లేదు. దీనికి ఒక్క మినహాయింపు చెప్పుకోవచ్చు. చేతిలో ఉన్నదంతా ఊడ్చి అప్పు తీర్చినవాడు రేపు ఆసుపత్రి అవసరానికి మూడు రూపాయల వడ్డీకి మళ్లీ అదే గుమ్మం ఎక్కాల్సి వస్తుంది. కనుక చిన్న నిల్వ ఉంచుకుని తక్కినది అప్పుకు కట్టడం మేలు. గల్ఫ్‌కు వెళ్లిన నిజామాబాద్, జగిత్యాల, కడప వలస కార్మికుల సంపాదనలో మొదటి భాగం సాధారణంగా ఏజెంటు కోసం చేసిన అప్పుకే పోతుంది. ఇంటి పునాది ఆ తర్వాతే.

తీసే వేళ

మనుషులు ఎందుకు దాచుకుంటారో ఆర్థికవేత్త కీన్స్ 1936లో వర్గీకరించాడు. ఫ్రాంకో మోడిగ్లియానీ 1950లలో దాన్ని జీవిత చక్రంగా చూపాడు. పడుచుతనంలో అప్పు, నడివయసులో పొదుపు, ముసలితనంలో దాచినది తినడం. లెక్క చక్కగా ఉంది. తెలుగు ఇంట్లో మూడో అంకం అలా నడవదు. పదవీ విరమణ చేసినవారు వడ్డీయే తింటారు, అసలు ముట్టుకోరు. పెద్దల పొదుపు పథకంలో మూడు నెలలకోసారి వచ్చే వడ్డీతో ఇల్లు గడుస్తుంది, మోకాలి ఆపరేషన్‌కు మాత్రం అసలు కదిలించాలంటే ఏడాదిపాటు ఆలోచిస్తారు. పిల్లలకు మిగల్చాలన్న కోరిక కొంత, ఎంతకాలం బతుకుతామో తెలియకపోవడం కొంత. రెండోది సహేతుకమైన భయమే. మొదటిదాన్ని పిల్లలు సాధారణంగా అడగరు.

తేదీ తెలిసిన ఖర్చుకు, తెలియని ఖర్చుకు ఒకే నియమం పనికిరాదు. ఇంటర్ చదువుతున్న అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు ఏ జూలైలో కట్టాలో తెలుసు. ఆ డబ్బును షేర్ల బజారులో ఉంచడం జూదం, ఆ నెలకు గడువు తీరే డిపాజిట్‌లో ఉంచడం పొదుపు. యూనిట్ ట్రస్ట్ వారి మ్యూచువల్ ఫండ్ పథకం యూఎస్-64 మీద రెండు తరాల మధ్యతరగతి బ్యాంకు డిపాజిట్‌కు సమానమైన నమ్మకం పెట్టుకుంది. 2001 జూలైలో యూనిట్లు తిరిగి కొనడం ఆరు నెలలు ఆపేస్తున్నామని సంస్థ ప్రకటించినప్పుడు, ఆ నెలలోనే పెళ్లి పెట్టుకున్నవారికి గడువు అన్న మాటకు విలువ తెలిసింది.

తేదీ తెలియని ఖర్చుల్లో మొదటిది వైద్యం. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు చేతికందే చోట ఉంచుకోమని సలహాదారులు చెబుతారు. నెల జీతగాడికి ఇది సరిపోయే మాట. కౌలు రైతుకు ఒక పంటకాలం ఖర్చు అని చదువుకోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు పెద్ద ఆపరేషన్ల భారం చాలావరకు తగ్గించినా, మందులు, పరీక్షలు, రోగి వెంట వెళ్లినవారి తిండీ, పోయిన కూలీ ఇంటి మీదే పడతాయి.

పెళ్లి తేదీ తెలిసిన ఖర్చే గాని మొత్తం తెలియనిది. అది అవతలివాళ్ల మాట మీద, బంధువుల కళ్ల మీద ఆధారపడుతుంది. పదిహేనేళ్లు కూడబెట్టినది మూడు రోజుల్లో కరిగేది ఇక్కడే. పెళ్లికి పొలం అమ్మే కుటుంబాలు పొలం అమ్మి చదివించడానికి అంత సులువుగా ఒప్పుకోకపోవడం పాతకాలపు మాట. గత ముప్పై ఏళ్లలో చదువుకు అమ్మడం కూడా మామూలైంది, అమెరికా చదువుల వేళ మరీ.

ఇంకో అలవాటు గమనించదగ్గది. చేతిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నా దాన్ని విరవకుండా, దానిమీదే ఒకటి రెండు శాతం ఎక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటారు. కాగితం మీద ఇది నష్టం. కానీ విరిచిన డిపాజిట్ మళ్లీ కట్టుకున్న ఇళ్లు తక్కువ, అప్పయితే తీర్చక తప్పదు. తన సంగతి తనకు బాగా తెలిసినవాడు ఆ శాతాన్ని కాపలా కూలిగా భావించి ఇస్తాడు.

తీయకుండానే మిగిలిపోయే సొమ్ము

అసలే తీయనివీ ఉన్నాయి. పదేళ్లు ఎవరూ కదపని బ్యాంకు డిపాజిట్లు 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసిన డిపాజిటర్ల అవగాహన నిధికి వెళతాయి. 2024 మార్చి చివరికి అందులో 78,213 కోట్ల రూపాయలున్నాయి. పోపుల డబ్బా రహస్యమే ఇక్కడ బ్యాంకు పుస్తకం రూపంలో కనిపిస్తుంది. ఖాతా ఉందని ఇంట్లో చెప్పకుండా పెద్దాయన పోతాడు, రసీదు బీరువా అడుగున ఉండిపోతుంది. నిధికి వెళ్లినా హక్కు పోదు, వారసులు ఎప్పుడైనా అదే బ్యాంకును అడగవచ్చు. పేరు కొట్టి వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ పోర్టల్ వచ్చింది. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను రాసుకోవచ్చు. నామినీ ఆ సొమ్మును బ్యాంకు నుంచి తీసుకోగలడు గాని యజమాని కాడు. వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకుంటే వారసత్వ చట్టం ప్రకారం హక్కుదారులకు అప్పగించాలి.